కట్టేసిన ఆవుకు గిట్ట అరగదు

ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తే కుంటు రాదు, పాలు తగ్గవు

రేపు తెల్లారి పాలు పిండడానికి కొట్టంలోకి వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. పొదుగు దగ్గర కూర్చునే ముందు నాలుగడుగులు వెనక్కి నిలబడి మీ ఆవు కాళ్లు చూడండి. గిట్టల కొనలు ముందుకు సాగి చెప్పు ముక్కులాగా పైకి లేచాయా? రెండు గిట్టలూ కత్తెర మాదిరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయా? నిలబడినప్పుడు వెనక కాళ్లు ఎడంగా పెట్టి, మడమల మీద బరువు వేస్తోందా? ఒక కాలు మార్చి ఇంకో కాలు ఎత్తి పెడుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనబడినా మీ ఆవుకు గిట్టలు పెరిగాయని అర్థం. దాణా పెంచినా, మందులు పోసినా ఆ బాధ తీరదు. కత్తిరించాల్సిందే.

“పశువుకు గిట్టలు కత్తిరించడమేంది సామీ? మా నాయన కాలంలో ఎవరు కత్తిరించినారు?” అనే రైతులు ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది. అందుకే ముందు దానికి జవాబు చెప్పుకుందాం.

లాడం కొట్టిన చోటే కత్తెర ఎందుకు వచ్చింది?

బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో వెనక నాటు ఆవులే ఎక్కువ. పొద్దున విప్పితే గుట్టలెక్కి, రాళ్ల మీద, గరుసు నేల మీద మైళ్ల దూరం తిరిగి సాయంత్రానికి ఇంటికొచ్చేవి. గిట్ట పెరిగినంతా ఆ రాళ్లకే అరిగిపోయేది. కాడి కట్టిన ఎద్దులకైతే పెరిగినదానికంటే అరిగేదే ఎక్కువ. అందుకే వాటిని పడేసి, కాళ్లు కట్టి లాడాలు కొట్టించేవాళ్లం.

ఇప్పుడు కొట్టాల్లో ఉన్నవి జెర్సీ, హెచ్‌.ఎఫ్‌. సంకర ఆవులు. మనం సీమావులు అంటాం. వీటి బరువు ఎక్కువ, నడక తక్కువ. బీడు భూములు మామిడి తోటలయ్యాయి. అడవి అంచు పల్లెల్లో ఏనుగుల భయం తోడైంది. మేపుకు తోలే మనిషీ దొరకడం లేదు. కసువు కోసుకొచ్చి ముందర వేస్తాం, నీళ్లు ముందర పెడతాం. ఆవు రోజంతా పలుపు పొడవు మేరే తిరుగుతుంది. గిట్ట మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నెలకు సుమారు అర సెంటీమీటరు, అంటే ఏడాదికి రెండంగుళాలకు పైమాటే.

ఆనాడు ఎద్దు గిట్ట అరిగిపోతుందని లాడం కొట్టించాం. ఈనాడు ఆవు గిట్ట అరగడం లేదని కత్తిరించాల్సి వస్తోంది. గుట్ట చేసిన పని ఇప్పుడు మన చేతులు చేయాలి. ఇంతే తేడా.

నష్టం ఎక్కడ మొదలవుతుంది?

గిట్ట కొన పెరిగితే ఆవు బరువు మడమ మీదికి జారుతుంది. మడమ దగ్గర అరికాలు మెత్తగా ఉంటుంది. అక్కడ ఒత్తిడి పడి లోపల కమిలి, పుండు పడుతుంది. అప్పటికి ఆవు కుంటుతుంది. కుంటే ఆవు మేతకు తక్కువ సార్లు లేస్తుంది, నీళ్లు తక్కువ తాగుతుంది, ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. పేడలో పడుకుంటే పొదుగువాపు ముప్పు పెరుగుతుంది. ఎదకొచ్చిన ఆవు ఇంకో ఆవు మీద ఎక్కాలన్నా, ఎక్కించుకోవాలన్నా కాళ్లు గట్టిగా ఉండాలి. కాళ్లు నొప్పిగా ఉన్న ఆవు ఎదకొచ్చినా లక్షణాలు సరిగా చూపదు. సూది వేయించే అదను దాటిపోతుంది.

లెక్క వేసుకోండి. రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే ఆవు కాలినొప్పితో రెండు లీటర్లు తగ్గించిందనుకుందాం. నెలకు 60 లీటర్లు పోయినట్లే. ఒక ఎద తప్పితే మరో 21 రోజులు ఆగాలి. ఆ మూడు వారాలూ ఈత వెనక్కి పోతుంది, మేపు ఖర్చు మాత్రం ఆగదు. చివరికి “ఈ ఆవు కుంటిది, పాలు లేవు” అని సంతలో వచ్చినకాడికి అమ్ముకుంటారు. సంఘం అప్పుతో కొన్న ఆవైతే ఆవు పోయినా కంతు మిగిలే ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ గోరు ఆవుది.

గిట్టలో ప్రాణమున్న భాగం, లేని భాగం

మన గోరు కొన తెల్లగా ఉంటుంది. అది కత్తిరిస్తే నొప్పి లేదు. ఇంకాస్త లోపలికి పోతే ప్రాణం జివ్వుమంటుంది, రక్తం వస్తుంది. గిట్ట కూడా అంతే. పైన గట్టి పెంకు, కింద అరికాలు. ఇవి ప్రాణం లేనివి. వాటి లోపల రక్తనాళాలు, నరాలు నిండిన మెత్తటి పచ్చి మాంసం, దాని లోపల ఎముక ఉంటాయి. పచ్చి మాంసానికీ నేలకీ మధ్య ఉన్న అరికాలు మందం అర సెంటీమీటరుకు తగ్గకూడదు. తగ్గితే గులకరాయి తొక్కినా ఆవు అల్లాడిపోతుంది.

అందుకే కొలత ముఖ్యం. గిట్ట పైన వెంట్రుకలు ఆగిపోయి గట్టి పెంకు మొదలయ్యే చోటు నుంచి, ముందు వైపున కొన దాకా కొలవండి. పెద్ద ఆవుకు సుమారు మూడంగుళాలు, అంటే 7.5 సెంటీమీటర్లు ఉండాలి. టేపు లేకపోతే నాలుగు వేళ్లు కలిపి పెట్టి చూడండి. బెత్తెడు అంటామే, దాదాపు అంత. దానికి మించి ముందుకు సాగినదే అదనం. చిన్న జెర్సీ ఆవుకు ఇంకొంచెం తక్కువ ఉన్నా సరిపోతుంది గానీ, ఇంట్లో చేసుకునేటప్పుడు మూడంగుళాల కంటే పొట్టి చేయొద్దు. ఎక్కువ మిగిలితే మళ్లీ కత్తిరించవచ్చు. ఎక్కువ తెగితే అతికించలేం.

ఎప్పుడు చేయాలి?

ఏడాదికి రెండుసార్లు చాలు. మన ప్రాంతానికి గుర్తుపెట్టుకోవడం సులువు. సంక్రాంతికి వారం పది రోజుల ముందు ఒకసారి, తోతాపురి కోతలు చివరికొచ్చే రోజుల్లో ఇంకోసారి. కనుమ నాడు పశువుల పండగకు కొమ్ములు చెక్కి రంగులు పూస్తాం కదా, అదే ఊపులో కిందికి కూడా ఒక చూపు చూడండి. వానలు పడ్డాక గిట్ట మెత్తబడి కత్తికి తేలిగ్గా లొంగుతుంది. ఎండాకాలంలో గిట్ట రాయిలా ఉంటుంది. అప్పుడు తప్పనిసరైతే తడిపిన గోనెసంచుల మీద గంటసేపు నిలబెట్టి మొదలుపెట్టండి.

చూడి ఆవుకు ఏడో నెల నిండేలోపు, పాలు ఆపే సమయానికి ఈ పని పూర్తి చేయాలి. ఎనిమిదో నెల వచ్చాక కాళ్లు కట్టి ఇబ్బంది పెట్టవద్దు. ఈనిన కొత్తల్లో కూడా వద్దు. చూడి ఆవును పడేసి కట్టడం ఏ నెలలోనూ మంచిది కాదు.

పనిముట్లు

గిట్టల కోసం తయారుచేసిన పొడుగు పిడుల కత్తెర, కొన వంకర తిరిగిన గిట్టల కత్తి, ఒక పెద్ద ఆకురాయి ఉంటే చాలు. ఒక్కో ఇంటికి ఒక్కో సెట్టు అక్కర్లేదు. పది ఇళ్ల పాడి రైతులు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. కాకపోతే ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పోయేటప్పుడు పనిముట్లను సబ్బు నీళ్లతో కడిగి, డెట్టాల్ నీళ్లలో ముంచి తీయాలి. లేకుంటే పనిముట్లతో పాటే రోగమూ ఇల్లిల్లూ తిరుగుతుంది.

కొడవలితో చెక్కడం, గిట్టను కొయ్య మీద పెట్టి ఉలి, సుత్తితో కొట్టడం మానుకోండి. ఆవు ఒక్కసారి కాలు లాగితే దెబ్బ ఎక్కడ పడుతుందో చెప్పలేం. తెగేది గిట్టే కావచ్చు, మీ వేలే కావచ్చు. ఉలి దెబ్బకు గిట్ట నిలువునా చీలే ప్రమాదం కూడా ఉంది.

ఆవును నిలబెట్టడం

పని మొత్తంలో కష్టమైన భాగం ఇదే. ఊళ్లో గానీ పశువుల ఆసుపత్రిలో గానీ ఇనుప గొట్టాల ట్రెవిస్ ఉంటే అక్కడికే తోలుకుపోండి. లేదంటే కొట్టంలో గట్టి దూలం, గట్టి గుంజ ఉండాలి. చల్లటి పూట, పాలు పిండాక, కడుపునిండా మేత పెట్టకముందు మొదలుపెట్టండి. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒకరు తల దగ్గర ఉండి ముక్కుతాడు పట్టుకుని మెడ నిమురుతూ ఉండాలి. పిల్లలను దూరంగా ఉంచండి.

వెనక కాలు ఎత్తాలంటే, మోకాలికి వెనక పొడుచుకు వచ్చినట్టుండే కీలుకు పైభాగంలో గోనెగుడ్డ చుట్టి, దాని మీద మెత్తటి మోకు వేసి, మోకు రెండో కొస దూలం మీదుగా తెచ్చి లాగండి. ముడి మాత్రం ఒక్క లాగుతో ఊడేలా వేయాలి. ఆవు జారి పడబోతే వెంటనే కాలు వదలాలి. బిగుసుకున్న ముడి ఎముక విరుస్తుంది. ఒక్కో కాలును అయిదు నిమిషాలకు మించి ఎత్తి ఉంచవద్దు. దించి, కాసేపు నిలబడనిచ్చి మళ్లీ ఎత్తండి. ఆవు ముందుకూ పక్కకూ విసిరి తన్నుతుంది. కాబట్టి కాలికి ఎదురుగా కూర్చోకుండా తొడకు ఆనుకుని నిలబడండి. ముందు కాలునైతే మోకాలి దగ్గర మడిచి, గోనెసంచి పరిచిన పీట మీద ఆనించవచ్చు.

కత్తిరించే వరస

ముందు బ్రష్షు పెట్టి నీళ్లతో కడగండి. గిట్టల సందులో రాయి, మేకు, గాజుపెంకు, పుండు ఉన్నాయేమో చూడండి. కుంటుకు కారణం అక్కడే దొరకవచ్చు.

వెనక కాలికైతే లోపలి గిట్టతో మొదలుపెట్టండి. సాధారణంగా అదే సరైన ఆకారంలో ఉంటుంది. బయటి గిట్ట మీద బరువు ఎక్కువ పడి అదే ఎక్కువగా పెరుగుతుంది. ముందు కాళ్లలో ఇది తిరగబడుతుంది. అక్కడ బయటి గిట్ట సరిగా ఉండి లోపలిది పెరుగుతుంది. సరిగా ఉన్న గిట్టను ముందు కొలిచి, బెత్తెడు దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. ఆ గీతకు బయట, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు తునకలుగా కత్తిరించండి. తర్వాత పక్క గిట్టను దీనికి సమానంగా తీసుకురండి.

కొన తెగాక, పక్క అంచుల్లో కిందికి మడిచినట్టు పెరిగిన పెంకును కత్తితో పలచగా తీయండి. మడమ వైపు ఇంట్లో ఎవరూ కత్తి పెట్టవద్దు. మడమ పలచబడితే ఆవు ఇంకా వెనక్కి వాలిపోతుంది. చివరగా ఆకురాయితో అంచులు నున్నగా రుద్దండి. కాలు దించి, గట్టి నేల మీద నిలబెట్టి చూడండి. రెండు గిట్టలూ నేలకు సమానంగా ఆనాలి.

ఎక్కడ ఆపాలి? మూడు గుర్తులు పెట్టుకోండి. కోసిన చోట లేత గులాబీ రంగు కనబడితే ఆపండి. బొటనవేలితో అరికాలును గట్టిగా నొక్కితే లోపలికి దిగుతున్నట్టు అనిపిస్తే ఆపండి. నొక్కగానే ఆవు కాలు లాక్కుంటే ఆపండి. నల్ల గిట్టల్లో గులాబీ రంగు తెలియదు. అక్కడ ఇంకా పలచటి పొరలుగా తీస్తూ, ప్రతి పొరకూ వేలితో నొక్కి చూడాలి.

మొదటిసారి సొంతంగా చేయవద్దు. పశువైద్యుడు గానీ, శిక్షణ పొందిన సిబ్బంది గానీ చేస్తుంటే పక్కన ఉండి చూడండి. కొన, అంచు వరకు మీ పని. అరికాలు చెక్కి లోపలి పుండు వెతకడం వాళ్ల పని. ఈ గీత దాటకుంటే చాలు.

రక్తం వస్తే

కంగారు పడవద్దు. శుభ్రమైన గుడ్డను మడిచి అయిదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. చిన్న గాయమైతే పటిక పొడి అద్దితే ఆగుతుంది. పేడ, మట్టి, బూడిద పెట్టవద్దు. ఆ మట్టిలోనే ధనుర్వాతం క్రిములు ఉంటాయి. గాయం మానేదాకా ఆవును పొడి నేల మీద కట్టి, ఈగలు ముసరకుండా గాయం చుట్టూ వేపనూనె రాయండి. గాయం లోతుగా ఉన్నా, మరునాటికి కాలు వాచినా, పురుగులు పడినా ఆసుపత్రికి పోవాల్సిందే.

కత్తి ముట్టుకోకూడని కుంటు

ప్రతి కుంటూ గిట్టల పెరుగుదల వల్ల రాదు. జ్వరం, నోటిలో పొక్కులు, చొంగ, గిట్టల సందులో పుండ్లు కలిసి కనబడితే అది గాలికుంటు కావచ్చు. ఒక ఆవుకు మొదలై కొట్టంలో మిగతావాటికి పాకుతుంది. అప్పుడు కత్తి పక్కన పెట్టి, ఆ పశువును వేరు చేసి, వెంటనే కబురు పెట్టండి. ఆరు నెలలకోసారి వేసే గాలికుంటు టీకాను వదలవద్దు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద దాన్ని ఉచితంగా వేస్తారు. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, దుర్వాసన వస్తున్నా డాక్టరుకు చూపించాలి.

ఆవును నడిపించలేకపోతే 1962 నంబరుకు ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో 2022 నుంచి ఈ సంచార పశువైద్య వాహనాలు పల్లెలకు వస్తున్నాయి. ఆపరేషను అవసరమైన కేసులకు తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

గొర్రెలు, మేకలు

కొట్టంలో కట్టి పెంచే మేకలకూ, వానాకాలంలో బురద నేల మీద తిరిగే గొర్రెలకూ గిట్ట పెంకు పక్క నుంచి కిందికి మడుచుకుంటుంది. ఆ మడతలో బురద చేరి కుళ్లు మొదలవుతుంది. రెండు మూడు నెలలకోసారి కాళ్లు ఎత్తి చూడండి. గొర్రెను పిరుదుల మీద కూర్చోబెట్టి వీపును మీ మోకాళ్లకు ఆనించుకుంటే కదలదు. మేకను నిలబెట్టే కాలు వెనక్కి మడవాలి. వీటికి మామిడి కొమ్మలు కత్తిరించే చిన్న కత్తెర సరిపోతుంది. మడిచిన పెంకును మాత్రం అరికాలుకు సమానంగా తీయండి.

కుళ్లు పట్టిన గిట్టను లోతుగా చెక్కి శుభ్రం చేయాలని వెనక చెప్పేవారు. అలా చెక్కితే మానడం ఇంకా ఆలస్యమవుతుందని ఇప్పుడు తేలింది. అలాంటివాటికి డాక్టరు సూది ముఖ్యం, కత్తి కాదు.

మందునీళ్ల తొట్టి

వానాకాలంలో గిట్టలు మెత్తబడి కుళ్లకుండా మైలతుత్తం నీళ్లు మంచి కాపు. మామిడి రైతుకు మైలతుత్తం కొత్త కాదు. బోర్డో మిశ్రమంలో వాడేదే. 10 లీటర్ల నీళ్లకు అర కిలో కలపండి. ఇనుప తొట్టి తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ తొట్టే వాడాలి. ముందు కాళ్లు కడిగి, తర్వాత ఆ నీళ్లలో అయిదు పది నిమిషాలు నిలబెట్టి, పొడి నేల మీద కట్టేయండి. ఆ నీళ్లు పశువు తాగకూడదు. గొర్రెలకు మైలతుత్తం మరీ విషం. వాటికి 10 లీటర్లకు ఒక కిలో జింకు సల్ఫేటు కలిపి వాడండి. మిగిలిన నీళ్లు చెరువులోకి, కాలువలోకి వదలవద్దు.

మేతకూ గిట్టకూ సంబంధం ఉంది

పెళ్లింట్లో మిగిలిందని బకెట్ల కొద్దీ అన్నం, గంజి ఒకేసారి పెడతారు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తొక్కలు, టెంకలు, రాలిన పండ్లు తెచ్చి ముందర పోస్తారు. పిండిపదార్థం, తీపి ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులిసి ఆమ్లం పుడుతుంది. దాని దెబ్బ గిట్టలోని రక్తనాళాల దాకా పోతుంది. కొన్ని వారాల తర్వాత అరికాలులో ఎర్ర మచ్చలు, మెత్తదనం కనబడతాయి. అప్పటికి పెట్టిన అన్నం మనకు గుర్తు కూడా ఉండదు. తొక్కలు పెట్టవద్దనడం లేదు. కొద్దికొద్దిగా అలవాటు చేసి, ఎండుగడ్డి ముందు తినిపించి, బూజు పట్టినవి పారేయండి. దాణాను రెండు మూడు పూటలుగా పంచి పెట్టండి.

రోజుకు ఒక గంట ఆవును నడిపించగలిగితే కత్తెర పని సగం తగ్గుతుంది. పేడ, ఉచ్చ నిలవకుండా కొట్టంలో వాలు ఉంచండి. బండల నేల అయితే పడుకునే చోట పొడి మట్టి గానీ, వరిగడ్డి గానీ పరవండి.

ఇది పెద్ద ఖర్చు పని కాదు. ఇద్దరు మనుషులు, ఒక పూట, ఏడాదికి రెండుసార్లు. ఆవు మీకు నొప్పి చెప్పలేదు. కాలు మార్చి కాలు పెట్టి చెబుతుంది, మేత దగ్గర తల దించి చెబుతుంది, చెంబులో పాలు తగ్గించి చెబుతుంది. చెంబు దాకా రానివ్వకండి. రేపు తెల్లారి పొదుగు కంటే ముందు గిట్టలు చూడండి.